చలికాలంలో మోటారుసైకిలుకి తుప్పు పట్టకుండా…

ఇంగ్లండులో చలికాలం మొదలవగానే చాలామంది మోటారుసైకిలుని షెడ్డులో పెట్టి తాళం వేసేస్తారు. నాలాగా ఏడాది పొడుగునా బండి మీదే ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు మనవాళ్ళలో కూడా కొందరున్నారు. కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "మన ఊళ్ళో ఏళ్ళ తరబడి వానలో తడిసినా బండి బాగానే ఉండేది. ఇక్కడ ఒక్క చలికాలానికే బోల్టులన్నీ ఎర్రబడ్డాయేమిటండీ?" జవాబు ఒక్క మాటలో చెప్పాలంటే, ఉప్పు!

ఉప్పు చేసే పని

రోడ్ల మీద నీరు గడ్డకట్టకుండా ఇక్కడి కౌన్సిళ్ళు రాతి ఉప్పు చల్లిస్తాయి. సాధారణంగా అక్టోబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా ఈ పని జరుగుతుంది. ఇందులో చాలా ఉప్పు చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ గని నుంచి వస్తుంది. 1844లో మొదలైన ఆ గనిలో ఇప్పటికీ తవ్వుతున్నారు. నీటిలో 23 శాతం ఉప్పు ఉంటే అది మైనస్ 21 డిగ్రీల దాకా గడ్డకట్టదు. రోడ్డు మీద మనల్ని కాపాడేది ఈ గుణమే. బండి మీద ఎప్పుడూ తడి ఉండేలా చేసేదీ ఇదే.

తుప్పు పట్టడమంటే లోహం మీద ఒక చిన్న బ్యాటరీ నడవడమే. ఇనుముకి నీరు, ఆక్సిజన్ తగిలితే ఆ బ్యాటరీ మొదలవుతుంది. ఉప్పునీటిలో విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది కాబట్టి, ఉప్పు చేరితే అగ్నికి వాయువు తోడైనట్లే. అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీలు మీద సహజంగా ఉండే రక్షణ పొరని కూడా ఉప్పులోని క్లోరైడు చీలుస్తుంది. అల్యూమినియం కేసింగులో స్టీలు బోల్టు ఉన్నచోట అల్యూమినియమే ముందు తినుకుపోతుంది. బోల్టు చుట్టూ కనిపించే తెల్లటి పొడి అదే.

ఇంకో సంగతి. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని పీల్చుకుని తనే ద్రవమవుతుంది. ఇక్కడి చలికాలంలో తేమ అంతకన్నా ఎక్కువ ఉండే రోజులే ఎక్కువ. అందుకే వాన పడకపోయినా, బండి పొడిగా కనిపించినా, లోపల పని సాగుతూనే ఉంటుంది. విశాఖలో సముద్రం ఒడ్డున ఉన్న ఇళ్ళ కిటికీ ఊచలని చూసినవాళ్ళకి ఇది కొత్త విషయం కాదు.

ఇది అందానికి సంబంధించిన విషయం కాదు

బ్రేకు కాలిపర్‌లోని పిస్టన్ల చుట్టూ ఉప్పు పేరుకుంటే అవి బిగుసుకుపోతాయి. అప్పుడు బ్రేకు సరిగ్గా పట్టదు, లేదా పట్టింది వదలదు. ముందు ఫోర్కు గొట్టాల మీద తుప్పు గుంటలు పడితే ఆయిల్ సీలు కోసుకుపోతుంది. కారిన ఆయిల్ బ్రేకు డిస్కు మీదికి చేరవచ్చు. తడి రోడ్డు మీద ఇవి ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

చలి రాకముందు

బండిని శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, తుప్పు నిరోధక ద్రవం పల్చగా పట్టించండి. విమానాల కోసం తయారైన ఏసీఎఫ్-50 ఇక్కడ బాగా ప్రచారంలో ఉంది. బోల్టులు, ఫ్రేము, ఇంజను కేసింగులకి గుడ్డతో రాయడం మేలు. బ్రేకు డిస్కులకి, ప్యాడ్లకి, టైర్లకి మాత్రం ఒక్క చుక్క కూడా తగలకూడదు. వైర్ల కనెక్టర్లలో డైఎలక్ట్రిక్ గ్రీజు పెట్టండి.

రోజూ ఇంటికి రాగానే

ఉప్పు చల్లిన రోడ్డు మీద వెళ్ళివస్తే అదే రోజు చన్నీళ్ళతో కడగండి. పది నిమిషాల పని. వేడినీళ్ళు ఎందుకు వద్దంటే, వాటివల్ల ఉప్పు విషయంలో లాభం దాదాపు లేదు. 100 మిల్లీలీటర్ల నీటిలో సున్నా డిగ్రీల దగ్గర సుమారు 36 గ్రాముల ఉప్పు కరిగితే, మరిగే నీటిలో కరిగేది సుమారు 39 గ్రాములే. పైగా వేడికి తుప్పు వేగం పెరుగుతుంది, పూసిన ద్రవం కూడా పోతుంది. ప్రెషర్ వాషర్‌ని చక్రాల బేరింగులకి, చైనుకి, ఫోర్కు సీళ్ళకి గురిపెట్టకండి. గిన్నెలు తోమే లిక్విడ్ వాడకండి. కొన్నిటిలో ఉప్పు కలుపుతారు, పైగా అది రక్షణ పొరని కడిగేస్తుంది.

కడిగాక బండిని కాస్త నడిపి, రెండు మూడుసార్లు బ్రేకు నెమ్మదిగా వేస్తే డిస్కులు ఆరతాయి. తెల్లారేసరికి డిస్కు మీద పల్చటి నారింజ రంగు పొర కనిపిస్తే కంగారు పడకండి. మొదటి బ్రేకులకే అది పోతుంది.

వారానికోసారి

చైనుని పారఫిన్‌తో, మెత్తటి బ్రష్షుతో శుభ్రం చేయండి. మన కిరోసిన్‌నే ఇక్కడ ఆ పేరుతో అమ్ముతారు. తుడిచి ఆరాక లూబ్ వేయండి. రోజువారీ లూబ్ అయితే బండి దిగగానే, చైను వెచ్చగా ఉండగా వేయడం మంచిది. ఫోర్కు గొట్టాలని తుడవండి. కడిగినప్పుడు పోయినచోట నిరోధక ద్రవం మళ్ళీ రాయండి. నెలకోసారి కాలిపర్ పిస్టన్లని బ్రేకు క్లీనరుతో, పాత టూత్‌బ్రష్షుతో శుభ్రం చేయాలి. బ్రేకుల పని అలవాటు లేనివారు మెకానిక్‌కి అప్పగించడం ఉత్తమం.

బండి ఎక్కడ పెట్టాలి?

ఉప్పు కడగని బండిని వెచ్చటి గరాజులో పెట్టడం కన్నా చల్లగా, గాలి ఆడేచోట పెట్టడమే నయం. రసాయన చర్యల వేగం ప్రతి 10 డిగ్రీలకీ ఇంచుమించు రెట్టింపవుతుందని ఇంజనీరింగులో చదువుకున్న లెక్క గుర్తుండే ఉంటుంది. బయట పెట్టేవారు మామూలు ప్లాస్టిక్ పట్టా కప్పకండి, లోపల తేమ నిలిచిపోతుంది. గాలి ఆడే కవరు కొనుక్కోండి.

ఇక్కడ మూడేళ్ళు నిండిన బండికి ఏటా ఎమ్.ఓ.టి. పరీక్ష తప్పదు. బ్రేకులు, సస్పెన్షన్, చైను అందులో చూస్తారు. కానీ పరీక్ష ఏడాదికి ఒక్కసారి, ఉప్పు మాత్రం చలికాలమంతా! చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కన్నా సాయంత్రం ఒక బకెట్టు చన్నీళ్ళు నయం కదా. రోడ్డు మీద మంచు కనిపించిన రోజున మాత్రం ఎంత బాగా చూసుకున్న బండైనా ఇంట్లోనే ఉంచి బస్సెక్కండి.