శక్కర్‌నగర్

శక్కర్‌నగర్, తెలంగాణ రాష్ట్రము, నిజామాబాదు జిల్లాలోని బోధన్ పట్టణమునకు చెందిన ఒక ప్రాంతము. నిజాం చక్కెర కర్మాగారము (నిజాం షుగర్ ఫ్యాక్టరీ) ఇచ్చటనే కలదు. ఉర్దూ భాషలో శక్కర్ అనగా చక్కెర. 1937లో స్థాపించబడిన ఈ కర్మాగారము ఒకప్పుడు ఆసియాలోనే అతిపెద్ద చక్కెర కర్మాగారముగా పేరు పొందినది. బయటి ప్రాంతాల రైతులను, కార్మికులను, వ్యాపారులను ఆకర్షించి పెరిగిన పట్టణమునకు శక్కర్‌నగర్ చరిత్ర మంచి ఉదాహరణ.

నేపథ్యము

బోధన్ ప్రాచీనమైన ఊరు. షోడశ మహాజనపదములలో ఒకటైన అశ్మక జనపదమునకు రాజధాని అయిన పోదన నగరము ఇదేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. అయితే ఆధునిక కాలములో ఈ ప్రాంతపు రూపురేఖలను మార్చినది నిజాంసాగర్ ప్రాజెక్టు. మంజీర నదిపై 1923లో ప్రారంభమైన ఈ నిర్మాణము 1931లో పూర్తి అయినది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ దీనికి రూపకల్పన చేసిన ఇంజనీరు. సుమారు 2,75,000 ఎకరాలకు నీరందించుట దీని లక్ష్యము.

వలసలు, క్యాంపులు

అంతకు ముందు ఇచ్చటి రైతులు ఎక్కువగా వర్షాధారపు మెట్ట పంటలు పండించేవారు. కాలువ నీరు వచ్చినప్పటికీ మాగాణి సాగులో అనుభవము గల రైతులు తగినంత మంది లేరు. అందువలన నిజాం ప్రభుత్వము కోస్తా జిల్లాల రైతుల రాకను ప్రోత్సహించినది. కృష్ణా, గోదావరి డెల్టాలలో ఎక్కువ ధర పలికే కొద్దిపాటి భూమిని అమ్ముకొని, ఇచ్చట తక్కువ ధరకు ఎక్కువ భూమిని కొనుక్కొన్న కుటుంబాలు అనేకము. బోధన్, వర్ని, కోటగిరి, రుద్రూరు, బాన్సువాడ పరిసరాలలో వారు ఏర్పరచుకొన్న నివాసాలకు "క్యాంపు" అను పేరు వచ్చినది. తాత్కాలికమైన గుడిసెలతో మొదలైన ఈ క్యాంపులు కాలక్రమమున శాశ్వత గ్రామములైనవి. ఈ క్రమములో స్థానిక రైతుల భూములు చేతులు మారుట తరువాతి కాలములో విమర్శకు గురి అయినది.

కర్మాగారము, పట్టణము

నరికిన చెరకును వీలైనంత త్వరగా, సాధ్యమైనంతవరకు ఒక రోజులోపే గానుగ ఆడవలెను. ఆలస్యమైన కొలదీ చెరకు బరువు, రసములోని చక్కెర శాతము తగ్గిపోవును. అందుచేత కర్మాగారము పొలాల చెంతనే ఉండవలసి వచ్చినది. సంస్థకు స్వంత చెరకు ఫారములు కూడా ఉండేవి. పిప్పిని బాయిలర్లలో ఇంధనముగా వాడెదరు. మడ్డి (మొలాసిస్) నుండి ఆల్కహాలు తయారగును. జానకంపేట వద్ద ప్రధాన మార్గము నుండి చీలి బోధన్ వరకు వచ్చు రైలు మార్గము సరుకు రవాణాకు ఉపకరించినది. కార్మికులకు క్వార్టర్లు, ఆసుపత్రి, పాఠశాల ఏర్పడినవి. మహారాష్ట్ర సరిహద్దు సమీపములో ఉండుటచే తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడు భాషలూ ఇచ్చట వినిపించును.

రైతుకు నీరు, పంటకు కొనుగోలుదారు, కార్మికునికి ఇల్లు, సరుకుకు రైలు – ఈ నాలుగూ ఒకేచోట సమకూరుట వలననే కొత్తవారు వచ్చి స్థిరపడినారని చెప్పవచ్చును.

క్షీణత

పూడిక వలన నిజాంసాగర్ నిల్వ సామర్థ్యము 29.7 టీఎంసీల నుండి 17.8 టీఎంసీలకు తగ్గినది. ఎగువన సింగూరు జలాశయము నుండి మంజీర నీటిని హైదరాబాదు తాగునీటికి తరలించుట వలన ఆయకట్టుకు నీటి రాక కూడా తగ్గినది. ప్రభుత్వ రంగములో నష్టాలు పెరుగగా, 2002లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లను 51 శాతము ప్రైవేటు వాటాతో ఏర్పడిన నిజాం దక్కన్ షుగర్స్ సంస్థకు అప్పగించినది. 2015 డిసెంబరులో మూడు యూనిట్లలోనూ లే ఆఫ్ ప్రకటించబడినది. 2019లో జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ సంస్థ ఆస్తుల పరిసమాప్తికి ఆదేశించినది. కార్మికుల వేతన బకాయిలు ఆందోళనలకు దారి తీసినవి. చెరకు రైతులు కామారెడ్డి ప్రాంతపు ప్రైవేటు కర్మాగారములకు చెరకును తరలించవలసి వచ్చినది. దూరాభారము వలన పలువురు వరి, సోయా వంటి పంటలకు మారినారు.

పునరుద్ధరణ ప్రయత్నాలు

2024 జనవరిలో తెలంగాణ ప్రభుత్వము కర్మాగారముల పునరుద్ధరణపై అధ్యయనమునకు ఒక సంఘమును నియమించినది. యంత్రములను నడుపుటతో పాటు చెరకు సాగును మరల పెంచవలసి ఉండుట ఇందులోని ప్రధాన సమస్య. చెరకు ఇంచుమించు ఏడాది కాలపు పంట. కర్మాగారము నడుచునన్న నమ్మకము లేనిదే రైతు నాటడు, చెరకు లేనిదే కర్మాగారము నడవదు.

పరిశ్రమలకు అనుకూలమైన వనరులు ఈ ప్రాంతమునకు ఇంకనూ కలవు. రుద్రూరులో చెరకు, వరి పరిశోధనా కేంద్రము, ఆహార సాంకేతిక కళాశాల ఉన్నవి. జిల్లాలో ఆర్మూరు, బాల్కొండ, మెండోర వైపు పసుపు పంట ప్రసిద్ధము. జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమైనది. అయితే తొలి తరము వారిని ఇచ్చటికి రప్పించినది కేవలము ఆహ్వానము కాదు, నీటికి, పంట కొనుగోలుకు లభించిన భరోసా. కొత్త పరిశ్రమలకైనను, కొత్త నివాసులకైనను అదియే ఆధారము.