స్త్రీల శస్త్రచికిత్సల్లో సెలైన్: 'ఎంత?' అనే ప్రశ్న చరిత్ర

గర్భసంచి ఆపరేషన్ అయినవారిని చూడటానికి మీరు ఆసుపత్రికి వెళ్లి ఉంటే, మంచం పక్కన వేలాడే సెలైన్ బాటిల్‌ను గమనించే ఉంటారు. అది ఉప్పునీరే కదా, ఎంత ఎక్కిస్తే అంత బలమన్న నమ్మకం మన సమాజంలో ఉంది. వైద్యులు కూడా చాలాకాలం ఇంచుమించు అలాగే భావించారు. ఆ భావన ఎలా ఏర్పడి, ఎలా సడలిందో ఈ భాగంలో తెలుసుకొందాం.

సిరలోకి లవణజలం ఎక్కించే పద్ధతికి మూలం ఆపరేషన్ గది కాదు, కలరా. 1831–32లో బ్రిటన్‌లో ఆ వ్యాధి ప్రబలినప్పుడు విలియం ఓషానెస్సీ అనే యువవైద్యుడు రోగుల రక్తాన్ని పరీక్షించి, అందులో నీరు, లవణాలు తగ్గిపోయాయని తేల్చాడు. (తరువాతి కాలంలో భారతదేశంలో టెలిగ్రాఫ్ వ్యవస్థను నెలకొల్పింది ఈయనే.) దీనిని ఆచరణలో పెట్టినవాడు స్కాట్లాండ్‌లోని లీత్ పట్టణ వైద్యుడు థామస్ లాటా. 1832లో ఆయన, మరణానికి చేరువైన ఒక వృద్ధురాలికి అరగంటలో మూడు లీటర్లకు పైగా ద్రవం ఎక్కించాడు. ఆమె తేరుకొంది. ఆయన వెళ్లిపోయాక విరేచనాలు మళ్లీ మొదలై, కొద్ది గంటల్లో మరణించింది. మరోసారి ఎక్కించి ఉంటే బతికేదని లాటా నమ్మాడు. 'ఎంత?' అనే ప్రశ్న మొదటి రోగితోనే పుట్టిందన్నమాట.

1880లలో సిడ్నీ రింగర్, 1932 ప్రాంతంలో అలెక్సిస్ హార్ట్‌మన్ ద్రవం కూర్పును మెరుగుపరిచారు. 'రింగర్ లాక్టేట్' అనే పేరు అలా వచ్చిందే.

1961లో అమెరికన్ సర్జన్ టామ్ షైర్స్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. పెద్ద శస్త్రచికిత్సల్లో, కారిన రక్తానికి మించి శరీరద్రవం కణజాలాల్లోకి తరలిపోతుందని దాని సారాంశం. దీంతో ధారాళంగా ద్రవాలు ఎక్కించడం అలవాటైంది. ఈ ధోరణి శృతిమించడంతో 1967లో షైర్స్, ఫ్రాన్సిస్ మూర్ కలిసి మితం పాటించమని సంపాదకీయం రాయవలసి వచ్చింది. దానిని పట్టించుకొన్నవారు తక్కువ.

దీని మూల్యం 1986లో స్పష్టంగా కనిపించింది. ఎలెన్ ఆరీఫ్ అనే వైద్యుడు, ముందుగా నిర్ణయించిన ఆపరేషన్లు చేయించుకొన్న 15 మంది ఆరోగ్యవంతులైన స్త్రీల కథనాన్ని ప్రచురించాడు. ఆపరేషన్ తరువాత వారికి మూర్ఛలు వచ్చి, శ్వాస ఆగింది. కొందరు మరణించారు, మరికొందరికి మెదడు శాశ్వతంగా దెబ్బతింది. సాధారణంగా 135 పైన ఉండవలసిన సోడియం వారిలో సగటున 108కి పడిపోయింది. కారణం మీరు జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. నొప్పి, వాంతి, ఒత్తిడి వల్ల శరీరం వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. మూత్రపిండాలు నీటిని బయటికి వదలవు. ఆ సమయంలో డెక్స్‌ట్రోస్ ద్రవం ఎక్కిస్తే, చక్కెర ఖర్చయి వట్టి నీరే మిగులుతుంది. రక్తం పలచబడి మెదడు వాస్తుంది. ఋతుస్రావం కొనసాగుతున్న వయసు స్త్రీలకు ఈ ప్రమాదం పురుషులకంటే ఎన్నో రెట్లు ఎక్కువని 1992లో అదే బృందం చూపింది.

హిస్టెరోస్కోపీలో ఇదే ప్రమాదం మరో దారిలో వస్తుంది. గర్భసంచిని విప్పార్చడానికి లోపలికి పంపే గ్లైసిన్ ద్రవం రక్తంలోకి ఇంకిపోతుంది. అందుకే పంపినదెంత, తిరిగి వచ్చినదెంత అని లెక్క కడతారు. తేడా గ్లైసిన్‌కైతే 1000 మిల్లీలీటర్లు, సెలైన్‌కైతే 2500 దాటగానే ఆపరేషన్ ఆపాలన్నది ఆరోగ్యవంతుల విషయంలో నేటి ప్రమాణం.

అయితే మరీ తగ్గించడమూ క్షేమం కాదు. 2003లో డెన్మార్క్ పరిశోధన ద్రవాలు తగ్గిస్తే పేగు ఆపరేషన్లలో చిక్కులు తగ్గుతాయని చెప్పగా, 2018లో సుమారు 3000 మందిపై జరిగిన 'రిలీఫ్' అధ్యయనంలో, తక్కువ ద్రవం పొందినవారిలో 8.6 శాతం మందికి, ధారాళంగా పొందినవారిలో 5 శాతం మందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. లాపరోస్కోపీలో పొట్టలో నింపిన గ్యాస్ ఒత్తిడికే మూత్రం తగ్గుతుంది కనుక, ఆ ఒక్క సూచన చూసి మరో బాటిల్ తగిలించే పాత అలవాటును మత్తువైద్యులు ఇప్పుడు మానుకొంటున్నారు.