ఒకే దారిలో ఎన్నో రంగులు: పరారుణ కాంతి కథ

బిలాస్‌పూర్‌లోని కుదుదండ్‌లో రైల్వే కుటుంబాల నడుమ పెరిగినవారికి ‘హాట్ యాక్సిల్’ అన్న మాట కొత్త కాదు. యాక్సిల్ బాక్స్ ఎంత వేడెక్కిందో దానిని ముట్టుకోకుండానే ఇన్‌ఫ్రారెడ్ ధర్మామీటరుతో చూస్తారు. వేడి వస్తువు వెలువరించే పరారుణ కిరణాలే అక్కడ సాక్ష్యం. 1800లో విలియం హెర్షెల్ వీటిని కనిపెట్టింది కూడా ధర్మామీటరుతోనే.

వేడి వస్తువు ఎన్నో తరంగదైర్ఘ్యాలనిస్తుంది, కాని ఆ కాంతి నలుదిక్కులా చెదిరిపోతుంది. లేజరు కాంతి తీవ్రమైనదే, కాని సాధారణంగా ఒకే తరంగదైర్ఘ్యానికి పరిమితం. మీథేన్ 3.3 మైక్రోమీటర్ల దగ్గర, కార్బన్ డయాక్సైడ్ 4.26 దగ్గర కాంతిని బలంగా శోషిస్తాయి. బొగ్గుగనిలో మీథేన్ పేరుకుంటే ఒక్క నిప్పురవ్వ చాలు. పలు వాయువులను ఒకే దీపంతో పట్టాలంటే తీవ్రతా కావాలి, విస్తృతీ కావాలి.

మామూలు అర్ధవాహక లేజరులో రంగును పదార్థమే నిర్ణయిస్తుంది. అలా కాక, పలుచని పొరల మందమే నిర్ణయించేలా చేయవచ్చని 1971లో రష్యన్ శాస్త్రవేత్తలు కజారినోవ్, సూరిస్ ప్రతిపాదించారు. 1994లో బెల్ ప్రయోగశాలలో ఫైస్ట్, కపాసో బృందం దానిని 4.2 మైక్రోమీటర్ల వద్ద చేసి చూపింది. ఎలక్ట్రాన్ మెట్లు దిగుతూ మెట్టుమెట్టుకూ ఒక ఫోటాన్‌ను వదులుతుంది. అందుకే అది ‘క్వాంటం కాస్కేడ్’ లేజరు. 2002లో క్లేర్ గ్మాక్ల్, సహచరులు మెట్లను వేర్వేరుగా మలచి 6 నుంచి 8 మైక్రోమీటర్ల వరకు ఒకేసారి కాంతిని రాబట్టారు.

నా దృష్టిలో అసలు చిక్కు కాంతి పుట్టాక మొదలవుతుంది. దానిని నడిపించే వేవ్‌గైడ్‌లో వక్రీభవన గుణకం మధ్య పొరకు ఎక్కువ, చుట్టూ ఉన్న పొరలకు తక్కువ. తరంగం పొడవయ్యేకొద్దీ కాంతి పక్క పొరల్లోకి మరింత పాకుతుంది. అక్కడి స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు దానిని మింగేస్తాయి. ఈ శోషణ దాదాపు తరంగదైర్ఘ్యపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. లెక్క వేసి చూడండి: 6 నుంచి 8కి పోతే నష్టం సుమారు 1.8 రెట్లు! పోనీ మాదీకరణం తగ్గిద్దామా? నిరోధం పెరిగి పరికరం వేడెక్కుతుంది. పొరలను మందం చేద్దామా? వాటిని పెంచడం కష్టమవుతుంది. 6కీ 8కీ ఒకే దారి సరిపోవాలంటే ఈ బేరం తప్పదు.

ఒకే చిప్‌పై పలు రంగుల సమస్యను సమీప పరారుణంలో మరో దారిన చూసినవారిలో మన కృష్ణా జిల్లావాసి చెన్నుపాటి జగదీష్ ఒకరు. కిరోసిన్ దీపం వెలుగులో చదువుకున్న ఆయన 1990లో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో చేరారు. పొరలు పెంచిన తర్వాత వాటి సరిహద్దుల వద్ద పరమాణువులు కలిసిపోయేలా చేసి, చిప్‌లో కోరినచోట రంగు మార్చే పద్ధతిపై ఆయన బృందం కృషి చేసింది.

కొన్నిసార్లు లేజరు చర్యే అక్కర్లేదు, విస్తృత కాంతి చాలు. అప్పుడు వేవ్‌గైడ్ కొసను ఏటవాలుగా కోస్తారు. పరావర్తనమైన కాంతి వచ్చిన దారిన తిరిగి వెళ్లదు.