‘ఇరవై నాలుగు గంటల నొప్పి’ని గుర్తుపట్టిన చరిత్ర

అపెండిసైటిస్‌ను మన వైపు ‘ఇరవై నాలుగు గంటల కడుపునొప్పి’ అంటారు. ఆ గడువులోగా ఆపరేషన్ కాకపోతే మనిషి దక్కడని పెద్దల భయం. గడువు అందరికీ అంత కచ్చితంగా ఉండదు గాని, ఆలస్యం ప్రమాదమన్నది నిజమే. ఆసుపత్రి రికార్డు గదిలో ఉద్యోగం చేసిన రోజుల్లో కేస్‌షీట్ల మీద ఈ జబ్బు పేరు పక్కన ప్రశ్నార్థకం గుర్తు ఎన్నోసార్లు చూశాను. ఆ సందేహం ఎక్కడిదో రిటైరయ్యాక తీరిగ్గా చదివి తెలుసుకున్నాను. అందులో కొంత సభ్యుల ముందుంచుతున్నాను.

1735లో లండన్ సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో క్లాడియస్ అమియాండ్ అనే సర్జన్ 11 ఏళ్ళ కుర్రవాడికి హెర్నియా ఆపరేషన్ చేస్తూ, గుండుసూది వల్ల చిల్లుపడిన అపెండిక్స్‌ను, అంటే ఉండుకాన్ని తొలగించాడు. అది జబ్బును గుర్తుపట్టడం కాదు, కంటపడటం! ఆ తరువాత కూడా చాలాకాలం కుడివైపు పొత్తికడుపులో చీము పడితే తప్పు పెద్దపేగుదే అనుకున్నారు. అసలు దోషి దానికి తోకలా వేలాడే ఉండుకమని 1886లో బోస్టన్ వైద్యుడు రెజినాల్డ్ ఫిట్జ్ నిరూపించి, జబ్బుకు ఇప్పటి పేరు పెట్టాడు. 1889లో న్యూయార్క్ సర్జన్ మెక్‌బర్నీ నొప్పి ఎక్కడ ఎక్కువో వేలు పెట్టి చూపాడు. కుడి తుంటి ఎముక ముందు మొన నుంచి బొడ్డుకు గీత గీస్తే, మొన నుంచి మూడో వంతు దూరంలో ఉంటుంది ఆ చోటు. వరుస కూడా ముఖ్యమని షికాగోలో మర్ఫీ చెప్పాడు: ముందు నొప్పి, తరువాత వాంతి, ఆ పైన జ్వరం.

1902లో బ్రిటిష్ రాజు ఏడవ ఎడ్వర్డ్‌కు పట్టాభిషేకం ముందు ఇదే జబ్బు వచ్చింది. అప్పటికాయనకు 60 ఏళ్ళు, మన ఈడువాడే. జూన్ 26న ముహూర్తం. ఆపరేషన్ వద్దని పట్టుబట్టాడట. చివరకు 24న ఫ్రెడరిక్ ట్రీవ్స్ చీము తీశాడు. పట్టాభిషేకం ఆగస్టు 9న జరిగింది.

నన్ను బాగా ఆకట్టుకున్నది ఇంగ్లండులోని లీడ్స్ నగరం కథ. 1972లో డి డొంబాల్ అనే వైద్యుడు కడుపునొప్పితో వచ్చిన 304 మంది లక్షణాలు కంప్యూటరుకు ఇచ్చాడు. దాని నిర్ణయం నూటికి 91.8 వంతున సరిపోయింది. అక్కడి సీనియర్ డాక్టర్లది 79.6 వంతు. కంప్యూటర్లంటే గిట్టని మిత్రులు తొందరపడకండి. ఆ యంత్రానికి వేసిన మేత డాక్టర్లు రోగిని అడిగి రాసినదే. ఒక పద్ధతిగా అడిగి రాయడం మొదలుపెట్టాక డాక్టర్ల సొంత నిర్ణయాలు కూడా మెరుగయ్యాయి. ప్రయోగం ముగిశాక మళ్ళీ తగ్గాయి! ఉద్యోగంలో ఫారాలు నింపినవాళ్ళం కదా, మనకు ఆశ్చర్యమేముంది?

1986లో అల్వరాడో అనే సర్జన్ లక్షణాలకూ రక్తపరీక్షకూ కలిపి పది మార్కుల లెక్క కట్టాడు. అదే ఏడు నెదర్లాండ్స్‌లో పైలార్ట్ అల్ట్రాసౌండ్‌తో ఉండుకాన్ని చూసే పద్ధతి ప్రచురించాడు. 1990ల చివరినుంచి సి.టి. స్కాన్ వాడకం పెరిగింది.

ఈ లెక్కలన్నీ పడుచువాళ్ళకు సరిపోయినంతగా మన వయసుకు సరిపోవు. పెద్దవాళ్ళలో నొప్పి మందంగా ఉండవచ్చు, జ్వరం రాకపోవచ్చు. గ్యాస్ అనుకొని ఇంట్లోనే ఉండిపోతారు; ఆసుపత్రి చేరేసరికి ఉండుకం చిల్లుపడి ఉండటం వీరిలోనే ఎక్కువ. పైగా పేగులో కంతి ఉన్నా ఇలాగే కనబడుతుంది గనుక డాక్టరు స్కాన్ రాస్తే అనవసర ఖర్చని సణుక్కోకూడదు. మా చిన్నతనంలో ఏ కడుపునొప్పికైనా ఆముదం పట్టించేవారు. ఈ జబ్బులో విరేచనాల మందు హాని చేస్తుంది. నొప్పి ఇంజక్షన్ ఇస్తే జబ్బు మరుగున పడుతుందని పాత తరం డాక్టర్లు భయపడేవారు. 1990ల నుంచి జరిగిన పరీక్షలు ఆ భయాన్ని పోగొట్టాయి.

2020లో అమెరికాలో 1,552 మంది పెద్దవారి మీద జరిగిన పరిశోధన ఫలితం వచ్చింది. ఆపరేషన్ బదులు యాంటీబయాటిక్స్ వాడినవారిలో 90 రోజుల్లోగా పదిమందిలో ముగ్గురికి ఆపరేషన్ తప్పలేదు. ఉండుకంలో గట్టిపడిన రాయి ఉన్నవారికైతే నలుగురికి. అందుకే ఇప్పుడు జబ్బు ఉందో లేదో తేలాక, రాయి ఉందా అని కూడా స్కాన్‌లో చూస్తున్నారు.