ఎన్.సి.సి. నావికా విభాగం

ఎన్.సి.సి. నావికా విభాగం భారతదేశంలో పాఠశాల, కళాశాల విద్యార్థులకు నౌకాదళ సంబంధమైన ప్రాథమిక శిక్షణ ఇచ్చే స్వచ్ఛంద వ్యవస్థ. జాతీయ క్యాడెట్ కోర్‌లోని మూడు విభాగాలలో ఇది ఒకటి. తక్కిన రెండు స్థలసేనా విభాగం, వైమానిక విభాగం. నావికా విభాగం 1952 జూలైలో ప్రారంభమైనది. స్థలసేనా విభాగంతో పోలిస్తే ఇది చాలా చిన్నది. అందుచేత ఎన్.సి.సి. అనగానే చాలామందికి ఖాకీ దుస్తుల కవాతే గుర్తుకు వస్తుంది గాని, తెల్లని దుస్తులతో పడవ నడిపే విద్యార్థులు గుర్తుకు రారు.

ఇందులో చేరడమంటే నౌకాదళంలో చేరడం కాదు. 1948 నాటి ఎన్.సి.సి. చట్టం ప్రకారం క్యాడెట్‌గా పేరు నమోదు చేసుకున్నంత మాత్రాన సైనిక సేవ చేయవలసిన బాధ్యత కలుగదు. ఈ సంగతి తెలియక పిల్లలను చేర్చడానికి వెనుకాడే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు.

చరిత్ర

బ్రిటిషు పాలనలో 1917లో ఏర్పడిన విశ్వవిద్యాలయ దళం, 1920లో దాని స్థానంలో వచ్చిన విశ్వవిద్యాలయ శిక్షణ దళం ఎన్.సి.సి.కి పూర్వ రూపాలు. స్వాతంత్ర్యానికి ముందు 1946లో పండిత హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించారు. దాని సూచనలను అనుసరించి 1948లో చట్టం చేయబడినది. అదే సంవత్సరం జూలై 15న ఎన్.సి.సి. ఆవిర్భవించింది. 1949లో బాలికల విభాగం, 1950లో వైమానిక విభాగం, ఆ తరువాత నావికా విభాగం వచ్చాయి.

1962 చైనా యుద్ధం తరువాత 1963లో కళాశాల విద్యార్థులకు ఎన్.సి.సి. తప్పనిసరి చేశారు. 1968లో తిరిగి ఐచ్ఛికం చేశారు. ఆ మధ్యకాలంలో చదువుకున్న పెద్దలు "మా రోజుల్లో అందరూ చేసేవారు" అనడానికి కారణం ఇదే. 2020 ఆగస్టు 15న ప్రధానమంత్రి 173 సరిహద్దు, సముద్రతీర జిల్లాలలో ఎన్.సి.సి.ని విస్తరిస్తామని, కొత్తగా చేర్చుకునే లక్ష మందిలో మూడో వంతు బాలికలు ఉంటారని ప్రకటించారు. తీర జిల్లాలలో శిక్షణ బాధ్యతను నౌకాదళానికి అప్పగించారు.

చేరే విధానం

నావికా విభాగంలో చేరదలచిన విద్యార్థి మొదట తెలుసుకోవలసిన విషయం ఒకటున్నది. విభాగాన్ని ఎంచుకునేది విద్యార్థి కాదు, విద్యాసంస్థ. ఒక్కొక్క పాఠశాలకు లేదా కళాశాలకు ఎన్.సి.సి. ఏదో ఒక యూనిట్‌ను కేటాయిస్తుంది. తాను చదివే కళాశాలకు స్థలసేనా యూనిట్ మాత్రమే ఉంటే, ఎంత కోరిక ఉన్నా ఆ విద్యార్థికి అక్కడ నావికా శిక్షణ దొరకదు. కనుక ఇంటర్మీడియట్‌లోనో డిగ్రీలోనో చేరక ముందే ఈ విషయం విచారించుకోవాలి. చేరిన తరువాత అడిగి నిరాశపడేవారే ఎక్కువ.

పాఠశాల స్థాయిలో జూనియర్ డివిజన్ బాలురకు, జూనియర్ వింగ్ బాలికలకు ఉద్దేశించినవి. కళాశాల స్థాయిలో ఇవే సీనియర్ డివిజన్, సీనియర్ వింగ్ అవుతాయి. జూనియర్ క్యాడెట్ల వయసు పద్దెనిమిదిన్నర సంవత్సరాలు, సీనియర్ క్యాడెట్ల వయసు 26 సంవత్సరాలు మించరాదు. అభ్యర్థి భారత పౌరుడు గాని నేపాలు దేశీయుడు గాని అయి, ఆ విద్యాసంస్థలో చదువుతూ, మంచి నడవడి, తగిన ఆరోగ్యం కలిగి ఉండాలి. ఖాళీలకంటే దరఖాస్తులు ఎక్కువ వచ్చినచోట పరుగు, చిన్న ముఖాముఖి వంటివి పెట్టి ఎంపిక చేస్తారు. ఈత వచ్చినవారికి ఈ విభాగం శిక్షణలో ఎంతో మేలు.

ప్రతి సంస్థలోను ఎన్.సి.సి. బాధ్యత చూసే అధ్యాపకుడు ఒకరుంటారు. వీరిని అసోసియేట్ ఎన్.సి.సి. ఆఫీసర్ అంటారు. దరఖాస్తు, ఎంపిక, కవాతు, శిబిరానికి పంపడం అన్నీ వీరి ద్వారానే జరుగుతాయి. ఇటీవలి సంవత్సరాలలో పేరు నమోదు ఆన్‌లైన్‌లో జరుగుతున్నది. అయినా విద్యా సంవత్సరం మొదటి వారాలలోనే ఈ అధ్యాపకుని కలవడం అన్నిటికంటే మంచి మార్గం. యూనిఫాం ఖర్చును ప్రభుత్వమే భరిస్తుంది. సొంత ఖర్చుతో ఎన్.సి.సి. నడుపుకొనే విద్యాసంస్థలు కూడా ఉన్నాయి. అక్కడ ఖర్చు ఎవరు భరిస్తారో ముందే అడిగి తెలుసుకోవాలి.

శిక్షణ

కవాతు, రైఫిల్ వాడకం, ప్రథమ చికిత్స, విపత్తు సహాయం, సమాజ సేవ మూడు విభాగాలకూ సమానం. నావికా విభాగానికి ప్రత్యేకమైనవి నౌకాదళ నిర్మాణం, నావిక విద్య, నౌకాయాన పటం, దిక్సూచి, సంకేతాలు, ఓడ నమూనాల తయారీ, ఓడలో అగ్నిమాపక పద్ధతులు.

మొదట నేర్పేది భాష. ఓడ మీద కుడి ఎడమలు ఉండవు. ముందుకు చూస్తూ నిలిచినవానికి కుడివైపు స్టార్‌బోర్డు, ఎడమవైపు పోర్టు. మనిషి ఏ దిక్కుకు తిరిగినా ఓడ వైపులు మారవు గనుక ఆజ్ఞలలో పొరపాటు రాదు. రాత్రివేళ పోర్టు వైపు ఎర్రదీపం, స్టార్‌బోర్డు వైపు ఆకుపచ్చ దీపం వెలుగుతాయి. ఎదుటి ఓడ దీపాలను చూసి అది ఎటు పోతున్నదో గ్రహించవచ్చు.

తరువాత తాడు ముడులు. వీటిలో బోలైన్ ముఖ్యమైనది. ఎంత బరువు పడినా జారి బిగుసుకోని ఉచ్చు ఇది. నీటిలో పడినవానికి అందించే తాడుకు ఇటువంటి ముడే కావాలి, ఎందుకంటే బిగుసుకొనే ముడి మనిషి నడుమును నొక్కివేస్తుంది. మన మత్స్యకారుల పిల్లలు ముడులను ఇంట్లోనే చూసి పెరుగుతారు. క్యాడెట్ వాటిని పేరు, ఉపయోగం తెలిసి, చీకటిలో కూడా వేయగలగాలి.

సంకేతాలలో సెమాఫోర్ నేర్పుతారు. ఎరుపు, పసుపు రంగుల జెండాలు రెండు చేతులతో పట్టుకొని, చేతుల కోణాలతో అక్షరాలను చూపే పద్ధతి ఇది. సెల్‌ఫోన్ కాలంలో ఇది ఎందుకని విద్యార్థులు అడగడం సహజమే. రేడియో మౌనం పాటించవలసిన వేళ, కంటికి కనిపించేంత దూరంలో ఉన్న ఓడల మధ్య దృశ్య సంకేతాలే పనికివస్తాయి.

పడవ

ఈ విభాగానికి ప్రాణం పడవ. శిక్షణలో ఎక్కువగా వాడే వేలర్ అనే పడవ 27 అడుగుల పొడవు ఉంటుంది. పూర్వం తిమింగలాల వేటకు వాడిన పడవల నుండి వచ్చినందువల్ల దీనికి ముందు, వెనుక రెండు కొసలూ మొనదేరి ఉంటాయి. దీనికి ఐదు తెడ్లు, ఒకవైపు మూడు, మరొకవైపు రెండు. ఐదుగురు తెడ్లు వేస్తే, కాక్స్‌వెయిన్ అనబడే ఆరవ వ్యక్తి చుక్కాని పట్టి ఆజ్ఞలు ఇస్తాడు. తెడ్లు వేసేవారు వెనుకవైపుకు తిరిగి కూర్చుంటారు. కనుక తాము పోయే దారి తాము చూడలేరు, కాక్స్‌వెయిన్ మాటను నమ్మవలసిందే. ఒక్కరు లయ తప్పితే తెడ్డు పక్కవాని తెడ్డుకు తగులుతుంది, పడవ వంకర పోతుంది. గంటల కొద్దీ చెప్పే క్రమశిక్షణ పాఠం కంటే ఇది సులభంగా బోధపడుతుంది.

తెరచాప ఎత్తితే మరొక విద్య మొదలవుతుంది. ఏ తెరచాప పడవా గాలికి నేరుగా ఎదురు పోలేదు. ఒకసారి ఒకవైపుకు, మరొకసారి మరొకవైపుకు ఏటవాలుగా మలుపులు తిప్పుతూ ముందుకు పోవాలి. భారత నౌకాదళ మహిళా అధికారులు ఆరుగురు 2017 సెప్టెంబరు 10న గోవా నుండి బయలుదేరి, తారిణి అనే తెరచాప నావపై భూగోళాన్ని చుట్టి 2018 మే 21న తిరిగి వచ్చినప్పుడు వాడినది కూడా ఈ గాలి సూత్రాన్నే. ఆ ఆరుగురిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు.

శిబిరాలు

ప్రతి యూనిట్ సుమారు పది రోజుల వార్షిక శిబిరాన్ని నిర్వహిస్తుంది. ఎంపికైనవారు అఖిల భారత నౌసైనిక్ శిబిరానికి పోతారు. పడవ నడపడం, సెమాఫోర్, ఓడ నమూనాలు, రైఫిల్ కాల్పులు వంటి అంశాలలో రాష్ట్ర డైరెక్టరేట్ల మధ్య అక్కడ పోటీలు జరుగుతాయి. ఈ శిబిరానికి గతంలో విశాఖపట్నం కూడా వేదిక అయింది. ఇవికాక పడవలపై రోజుల తరబడి సాగే యాత్రలు, నౌకాదళ ఓడలపై స్వల్పకాల శిక్షణ, కేరళలోని ఎళిమల నావికా అకాడమీలో శిబిరం, ఢిల్లీలో గణతంత్ర దినోత్సవ శిబిరం ఉన్నాయి. ఓడపైకి వెళ్ళే అవకాశం అందరికీ రాదు. అది వచ్చినవారికి మాత్రం మొదటి పాఠం సాధారణంగా వాంతులతోనే మొదలవుతుంది.

సర్టిఫికెట్లు

జూనియర్ క్యాడెట్లకు 'ఎ', సీనియర్ క్యాడెట్లకు 'బి', ఆ తరువాత 'సి' సర్టిఫికెట్ పరీక్షలు ఉంటాయి. 'బి' లేనిదే 'సి' లేదు. పరీక్షకు కూర్చోవాలంటే కవాతులలో 75 శాతం హాజరు ఉండాలి, నిర్ణీత శిబిరం పూర్తి చేసి ఉండాలి. చాలామంది తప్పేది పరీక్షలో కాదు, ఈ హాజరులో. కళాశాల పరీక్షలు, ప్రయోగశాల తరగతులు కవాతుతో ఢీకొంటే ఏది వదులుకోవాలన్నది క్యాడెట్ ముందున్న నిజమైన ప్రశ్న. మూడేళ్ళు తిరిగి, కొద్దిపాటి హాజరు తక్కువై 'సి' పోగొట్టుకునేవారు ప్రతి కళాశాలలోను కనిపిస్తారు. కనుక హాజరు లెక్కను ఎప్పటికప్పుడు సరిచూసుకోవాలి.

సంయుక్త రక్షణ సేవల నియామకాలలో నావికా అకాడమీ ఖాళీలలో కొన్నిటిని నావికా విభాగం 'సి' సర్టిఫికెట్ పొందినవారికి కేటాయిస్తారు. అయినా సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు ముఖాముఖి, వైద్య పరీక్ష తప్పవు. సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగం ఖాయమని చెప్పే ప్రచారాన్ని నమ్మరాదు.

తెలుగు రాష్ట్రాలలో

తెలుగువారికి ఈ విభాగంతో సహజమైన సంబంధం విశాఖపట్నం వల్ల ఏర్పడినది. తూర్పు నౌకాదళ కమాండ్ ప్రధాన స్థావరం అక్కడే ఉన్నది. విశాఖపట్నంతో పాటు కాకినాడలోను నావికా యూనిట్ ఉన్నది. సముద్రం లేని హైదరాబాదులో క్యాడెట్లు హుస్సేన్ సాగర్ నీటిలో పడవ నేర్చుకుంటారు. అలలు లేకపోయినా గాలి మలుపులు అక్కడ చక్కగా అలవడతాయి. రాష్ట్ర విభజన తరువాత కూడా రెండు రాష్ట్రాలకు కలిపి ఒకే డైరెక్టరేట్ సికందరాబాదు నుండి పనిచేసింది.

ఇతర సంస్థలు

ముంబయిలోని సీ క్యాడెట్ కోర్ ఇటువంటి పేరే గల వేరొక స్వచ్ఛంద సంస్థ. అది ఎన్.సి.సి.లో భాగం కాదు. బ్రిటన్‌లోని సీ క్యాడెట్ల మూలం క్రిమియా యుద్ధానంతరం 1856లో విట్‌స్టబుల్ రేవులో ఏర్పడిన బాలుర దళంలో ఉన్నది. అమెరికాలో నేవల్ సీ క్యాడెట్ కోర్ 1958లో ఏర్పడి, 1962లో ఆ దేశపు కాంగ్రెసు గుర్తింపు పొందింది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు చేరదలిస్తే ఆ దేశపు నిబంధనలే వర్తిస్తాయి. భారతదేశపు ఎన్.సి.సి. సర్టిఫికెట్‌కు, ఆ సంస్థ హోదాలకు సంబంధం లేదు.