కోల్డ్ బ్రూ కాఫీ

కాఫీపొడిని వేడినీటి సంపర్కమే లేకుండ 12 మొదలు 18 గంటలవఱకు చన్నీటిలో నానవేసి వడగట్టగా లభించు సారమునకు ఈ పేరు. విజయవాడ గృహములలో చిరపరిచితమైన ఫిల్టరు డికాక్షనుకు మరుగునీరు ప్రాణము కాగా, దీనికి కాలమే అగ్నిస్థానీయము. శీతలజలము ఆమ్లములను, తిక్తపదార్థములను మందముగ గ్రహించుటచేత పానీయము మృదువై, ఇంచుక మధురముగ తోచును.

100 గ్రాముల పొడికి 800 మిల్లీలీటర్ల నీరు చాలును. పొడి బొంబాయి రవ్వవలె ముతకగ ఉండవలెను. ఫిల్టరుకై ఆడించిన మెత్తని పొడి వాడినచో వడగట్టు గుడ్డ రంధ్రములు పూడి, సారము మడ్డిగ నుండును. డికాక్షనుకు చిక్కదనమిచ్చు చికోరి ఇచ్చట గింజ సహజరుచిని మఱుగుపఱచుటకే పనికివచ్చును. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకులోయ అరబికా ఇందులకు శ్రేష్ఠము.

ఉష్ణోగ్రత 40 డిగ్రీలను దాటు కృష్ణాతీరపు వేసవిలో పాత్రను వంటింటి గట్టుపై విడుచుట అవివేకము. సూక్ష్మజీవులు వృద్ధిచెందును గనుక రిఫ్రిజిరేటరులోనే నానవేసి, 18 గంటలు నిండనిచ్చుట లెస్స. పలుచని నూలుగుడ్డతో, పిండక, వడగట్టిన సారమును మూతపెట్టి చల్లగ భద్రపఱచి, వారము లోపల సమభాగము నీరో పాలో చేర్చి సేవింపవచ్చును. చల్లని ద్రవమున పంచదార సులభముగ కరగదు కావున దానిని పాకము పట్టి కలుపుదురు.