చెన్నపురిలో ఒక తెలుగు పలుకు: గొల్లపూడి మారుతీరావుగారి నటజీవితము

తెలుగునాటికి వెలుపల స్థిరపడిన తెలుగువారి చరిత్రమును వ్రాయువారు సాధారణముగ నాయకరాజుల పాలనముతోను, దేవాలయ శాసనములతోను ఆరంభింతురు. చెన్నపురి తెలుగువారి విషయమున వీనికి తోడు మఱియొక అధ్యాయమును చేర్పవలసియున్నది. అది చలనచిత్రముల అధ్యాయము. 1930 దశకము మొదలుకొని సుమారు అర్ధశతాబ్దము తెలుగు చిత్రములలో అధికభాగము ఈ నగరముననే రూపొందినవి. వడపళని, కోడంబాక్కము ప్రాంతములకు నటులు, రచయితలు, గాయకులు, సాంకేతిక నిపుణులు కుటుంబములతో వచ్చి స్థిరపడిరి.

ఈ అధ్యాయమును తలచునపుడు కథానాయకులును, స్టూడియోల అధిపతులును మాత్రమే స్మరణకు వత్తురు. తండ్రిగను, పొరుగువాడుగను, గుమాస్తాగను, వంచకుడుగను తెరపై నిలిచి కథను నమ్మించిన సహాయపాత్రల నటులు మరుగున పడుదురు. అట్టివారిలో గొల్లపూడి మారుతీరావుగారి జీవితము ప్రత్యేకముగ పరిశీలింపదగినది. ఏలయన, వారు రూపముచేత గాక పలుకుచేత నటులైరి. ఆ పలుకును పరభాషా నగరమున కడవఱకు చెడకుండ కాపాడుకొనిరి.

మారుతీరావుగారు 1939 ఏప్రిల్ 14వ తేదీన విజయనగర ప్రాంతమున జన్మించిరి. గురజాడ అప్పారావుగారు మెలగిన ఆ సీమలో నాటకము విద్యావంతుల వినోదము మాత్రమే కాదు, వీథిభాషకు గౌరవము కల్పించిన సాధనము. 1954లో, పదునైదేండ్ల ప్రాయమున, వారి తొలికథ ‘ఆశాజీవి’ ప్రొద్దుటూరునుండి వెలువడుచుండిన ‘రేనాడు’ పత్రికలో అచ్చయ్యెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితభౌతికశాస్త్రమున ఆనర్సు చదువుచునే వారు నాటకములు వ్రాసిరి, ఆడించిరి, స్వయముగ ఆడిరి. వారి ‘మనస్తత్వాలు’ నాటిక 1959లో ఢిల్లీలో జరిగిన అంతర్విశ్వవిద్యాలయ యువజనోత్సవమున ప్రదర్శితమయ్యెను. శాస్త్రము చదివిన బుద్ధియు, రంగస్థలము నేర్పిన చెవియు వారియందు ఒకచోట కూడినవి.

విద్యానంతరము ‘ఆంధ్రప్రభ’ దినపత్రికలో ఉపసంపాదకులై కొంతకాలము చిత్తూరున పనిచేసిరి. 1962లో చైనా సేనలు మన సరిహద్దును దాటినపుడు ‘వందేమాతరం’ నాటకమును వ్రాసిరి. పిమ్మట ఆకాశవాణిలో చేరి హైదరాబాదు, విజయవాడ కేంద్రములలో ఉద్యోగము నిర్వహించిరి. పదోన్నతిపై ఒడియా సీమయగు సంబల్పూరునకును, ఆపై మద్రాసునకును, కడపకును బదిలీ అయిరి. రెండు దశాబ్దముల ఈ కొలువు వారికి నటనావిద్యయే యని చెప్పవచ్చును. రేడియోలో ముఖము కనబడదు. కన్నీరును, కపటమును, హాస్యమును గొంతుకయే మోయవలెను. మాటకు ముందు ఎంత సేపు ఆగవలెనో, ఏ అక్షరమును తేల్చవలెనో, దేనిని మ్రింగవలెనో రేడియో నాటకము నేర్పినట్లు వేరొకటి నేర్పదు.

చిత్రసీమలోనికి వారు మొదట ప్రవేశించినది కలముతోనే. కోడూరి కౌసల్యాదేవిగారి ‘చక్రభ్రమణం’ నవల ఆధారముగ అన్నపూర్ణవారు నిర్మింపగా ఆదుర్తి సుబ్బారావుగారి దర్శకత్వమున వెలువడిన ‘డాక్టర్ చక్రవర్తి’ (1964) చిత్రమునకు వారు రచనాసహకార మొనర్చిరి. పిదప కె. విశ్వనాథ్‌గారు దర్శకులుగ తొలిసారి రూపొందించిన ‘ఆత్మగౌరవం’ (1965) చిత్రమునకు యద్దనపూడి సులోచనారాణిగారితో కలిసి కథ సమకూర్చిరి.

నటులుగ వారు తెరపై కన్పట్టినది 1982లో. అప్పటికి వారి వయస్సు 43 ఏండ్లు. నటులు కొందఱు విశ్రాంతిని గూర్చి ఆలోచించు ప్రాయమున వారు ఆరంభించిరి. కోడి రామకృష్ణగారి తొలిచిత్రమగు ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’కు రచన చేయుచు, అందలి సుబ్బారావు పాత్రను తామే ధరించిరి. అంతకుమునుపటి తెలుగు చిత్రములలో దుష్టుడనగా ఎఱ్ఱని కన్నులు, మెలివేసిన మీసము, పెద్దగొంతుక. సుబ్బారావు అట్టివాడు కాడు. చొక్కా నలుగనివాడు, నవ్వుచు పలుకరించువాడు, పొరుగింటి గడప త్రొక్కుటకు ఎల్లపుడు ఒక మర్యాదయైన కారణమును చేతనుంచుకొనువాడు. ఇట్టి మనుష్యుని ప్రేక్షకులు తమ వీథిలోనే చూచియుండిరి గావున ఆ పాత్ర వారిని నవ్వించుచునే భయపెట్టెను. ఆ తరువాత 250కి పైగా చిత్రములలో వారు నటించుటకు ఈ నూతన మార్గమే కారణము.

వారి పాత్రలలో ముఖ్యముగ చెప్పదగినది ‘సంసారం ఒక చదరంగం’ (1987)లోని అప్పల నరసయ్య. ఇది విసుగారు రచించి, దర్శకత్వము వహించి, తామే తండ్రిగ నటించిన ‘సంసారం అదు మిన్సారం’ (1986) అను తమిళ చిత్రమునకు తెలుగు రూపము. నిర్మాతలు చెన్నపురియందలి ఏ.వి.ఎం. వారు, దర్శకులు ఎస్.పి. ముత్తురామన్‌గారు. మూలము తమిళము, నిర్మాణము తమిళనాట, దర్శకుడు తమిళుడు. ఇట్టి చిత్రమునకు తెలుగుదనము ఎచ్చటనుండి రావలెను? సంభాషణలు వ్రాసిన గణేశ్ పాత్రోగారివద్దనుండియు, వానిని పలికిన మారుతీరావుగారివద్దనుండియు వచ్చెను. ఇరువురును ఉత్తరాంధ్రమువారే. కుమారునితో తగవు పడి ఇంటి నడుమ గీత గీయించు ఆ మధ్యతరగతి తండ్రి కోపమున అభిమానమును, అభిమానమున బేలతనమును వినవచ్చును. చిత్రము చూచిన తెలుగు గృహస్థుడు ఆ ఇల్లు అనువాదపు ఇల్లని అనుకొనలేదు. రెండు భాషల నడుమ బ్రతుకు జనుల విజయము ఇట్టిదే: పొరుగువారి కథను స్వీకరించి తమ పలుకుతో తమదిగ చేసికొనుట.

1992 ఆగస్టు 12వ తేదీన ఆ కుటుంబమునకు పిడుగుపాటు వంటి దెబ్బ తగిలెను. వారి కుమారుడు శ్రీనివాస్, తాను తొలిసారి దర్శకత్వము వహించుచున్న ‘ప్రేమపుస్తకం’ చిత్రీకరణ సమయమున సముద్రపు అలలపాలై మరణించెను. తండ్రి ఆ చిత్రమును తానే పూర్తిచేసి 1993లో విడుదల గావించిరి. తరువాతి కాలమున తమిళ చిత్రసీమలో అగ్రనటులైన అజిత్ కుమార్‌గారు అందు నాయకుడు. అంతటితో ఆగక, తొలిచిత్రముతో ప్రతిభ కనబఱచిన దర్శకునకు ఏటేట కుమారుని వర్ధంతినాడు చెన్నపురియందు ఒక జాతీయ పురస్కార మొసగు ఏర్పాటు చేసిరి. ఆ పురస్కారము తెలుగువారికి మాత్రమే పరిమితము కాదు. ఏ భారతీయ భాషా చిత్రమునకైనను చెందును. హిందీ చిత్రము ‘తారే జమీన్ పర్’కు ఆమిర్ ఖాన్‌గారు దానిని స్వీకరించిరి. తన కుమారునికి దక్కని రెండవ చిత్రమును ఇతరుల బిడ్డలకు దక్కింపవలెనను తండ్రి కోరిక అందు స్పష్టము.

ఇంతలో చిత్రపరిశ్రమ స్థానము మాఱెను. 1976లో హైదరాబాదున అన్నపూర్ణ స్టూడియో నెలకొనిన పిదప, దశాబ్దమున్నరలో తెలుగు చిత్రనిర్మాణము క్రమముగ అచ్చటికి తరలిపోయెను. మారుతీరావుగారు మాత్రము చెన్నపురి నివాసమును విడువలేదు. పని యున్నపుడు హైదరాబాదునకు పోయి వచ్చుచుండిరి. ప్రైవేటు దూరదర్శన ప్రసారములు వ్యాపించిన పిమ్మట ధారావాహికలలో నటించిరి. ఈటీవీలో ‘ప్రజావేదిక’ చర్చను నడిపిరి. అందు పాత్రధారణము లేదు, ఆ గొంతుకయే కలదు. ‘జీవన కాలమ్’ అను శీర్షికతో వారము వారము వ్యాసములు వ్రాసిరి. తరములు మాఱిన కొలది పిల్లలు దూరదేశములకు పోగా ఒంటరియగు వైష్ణవ కుటుంబమును చిత్రించిన ‘సాయంకాలమైంది’ నవలయు వారిదే. వలసచేత కుటుంబము పొందునదేదియో, పోగొట్టుకొనునదేదియో వారెఱిగినవారు.

2019 డిసెంబరు 12వ తేదీన, తమ 80 ఏండ్ల ప్రాయమున, చెన్నపురియందే వారు కన్నుమూసిరి.

వారి జీవితమునుండి ఈ నగరపు తెలుగువారు గ్రహింపవలసిన దొకటి కలదు. చిత్రపరిశ్రమ యున్నంతకాలము తెలుగు పలుకు ఇచ్చట జీవనోపాధి. పలుకు బాగున్నవానికి పని దొరకెడిది. పరిశ్రమ పోయినది. 2006లో పాఠశాలలయందు తమిళమును నిర్బంధ మొనర్చిన చట్టము వచ్చినపిదప తెలుగు బడుల స్థితి క్లిష్టతరమయ్యెను. ఇక తెలుగును నిలుపవలసినది ఆదాయము కాదు, అభిమానము మాత్రమే. మారుతీరావుగారు ఉపాధి తరలిపోయిన తరువాత మూడు దశాబ్దములు చెన్నపురియందుండి, భాషను మాత్రము సడలనీయలేదు. అప్పల నరసయ్య మాటలను పాఠము విన్నట్లు వినిన బాలునకు, విజయనగరమెఱుగకున్నను, ఆ సీమ తెలుగు తెలియును. గ్రంథములలో లేని ఈ పాఠమును భద్రపఱచుకొనుట ఇచ్చటి తెలుగు ఇండ్ల బాధ్యత.